రెండు వైపులా తాళంచెవి

జూన్ 3, సోమవారం

చెల్లి మొన్న సాయంత్రం వచ్చింది. ఒక బ్యాగు, కాళ్లకు చెప్పులు, మొహాన ఒక నవ్వు. "నాలుగు రోజులు ఉండిపోదామని వచ్చా" అంది. అమ్మ బ్యాగు విప్పి చూసింది. ఎవరి బ్యాగైనా అమ్మకు తన బ్యాగే. రెండు చీరలు, పళ్ల బ్రష్షు, గలగలలాడే చిన్న గుడ్డసంచి ఒకటి. సంచి ముడి విప్పబోతే చెల్లి అమ్మ చేతిలోంచి లాక్కుంది. నగలేమోనని అమ్మ సంతోషించింది. నాలుగు రోజులకు వచ్చేవాళ్లు నగలెందుకు తెచ్చుకుంటారని అమ్మకు తట్టలేదు. నాకు తట్టింది. తట్టినా నేనూ అడగలేదు. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పేదాన్ని, 'ఎందుకు' అన్న మాట మీదే బతుకుతున్నదాన్ని. ఇంట్లో కూడా వాడితే అరిగిపోతుందని కాబోలు, దాన్ని కాలేజీలోనే వదిలేసి వస్తాను.

ఇవాళ పొద్దున నేను బయలుదేరుతుంటే చెల్లి గుమ్మం దాకా వచ్చింది.

"అక్కా, ఇంటి తాళాలు మార్చవా?"

అమ్మ వంటింట్లోంచే అందుకుంది. "మార్చడమెందుకే, బంగారంలా పని చేస్తుంటే."

ఈ ఇంటి తాళాలన్నీ మరిది, అంటే చెల్లి మొగుడు, పెట్టినవే. తలుపులకూ కిటికీలకూ కావలసిన ఇనప సామానంతా అమ్మే పెద్ద కొట్టు ఆయనది. మేం ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు ముందు తలుపు, పెరటి తలుపు, మేడమీది తలుపు, చివరికి నా పుస్తకాల బీరువా, అన్నిటికీ తనే తెచ్చి, దగ్గరుండి బిగింపించాడు. పైసా తీసుకోలేదు. ఒక్కో తాళానికి ఒక్కో చెవి మాత్రం తన దగ్గర పెట్టుకున్నాడు. "పోగొట్టుకుంటే ఇబ్బంది పడతారు వదినగారూ, ఒక సెట్టు నా దగ్గరుండటం మంచిది." ఎంత ముందుచూపో అని అందరం మురిసిపోయాం. ఆయనకు పిల్లనిచ్చామనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇల్లు కూడా ఇచ్చేశామని ఇవాళ అర్థమైంది.

జూన్ 5, బుధవారం

తాళం కొనడం అంత సులువైన పని కాదు.

కాలేజీ నుంచి వస్తూ బజారులో కొట్టుకు వెళ్లాను. కొట్టాయన తాళం తీసి బల్ల మీద పెట్టకముందే నా మొహం చూసి, "మీరు ఫలానావారి వదినగారు కదండీ?" అన్నాడు. అవునన్నాను. "ఇంట్లో పాలుండగా పక్కింటికి చెంబు పట్టుకొచ్చినట్టుందండీ. మీకు మా దగ్గరేం పని?" అని నవ్వాడు. స్నేహితురాలి కోసమని చెప్పాను. ఏ స్నేహితురాలని ఆయన అడగలేదు. నేనే చెప్పాను, ఆమె ఉద్యోగం, ఇల్లు, కుక్కతో సహా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఏమిటో పిల్లలకు ఇక నా సొంత ఉదాహరణతో చెప్పొచ్చు.

ఊరి ఆ చివర ఇంకో కొట్టుంది. అక్కడా అంతే. మా మరిదిని ఎరగని తాళం ఈ ఊళ్లో లేదు.

జూన్ 6, గురువారం

ఫోన్ రానే వచ్చింది.

"వదినగారూ, తాళాలు చూస్తున్నారట."

"నా స్నేహితురాలికండీ."

"అలాగే. ఆవిడకు ఎలాంటివి కావాలో చెప్పండి, నేనే తెచ్చి బిగించి వెళతా. మీ స్నేహితురాలంటే మాకు పరాయిదా?"

మా మరిది గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. నోట్లో వేలు పెట్టినా కొరకడం రాని మనిషి. చెల్లిని గురించి కూడా అంత మెత్తగానే మాట్లాడాడు. "మొన్న వెళుతూ వీధి తలుపు బార్లా తీసి వెళ్లిపోయింది వదినగారూ. సాయంత్రం నేనొచ్చేదాకా ఇల్లు అలాగే ఉంది. నేనేమీ అనలేదు. తను కాస్త అజాగ్రత్త మనిషి, మీకు తెలియనిదేముంది. కాస్త కనిపెట్టి ఉండండి."

సరే అన్నాను. ఇంకేమనాలి? నాకు ప్రతి విషయంలోనూ రెండు వైపులూ కనిపిస్తాయి. చదువు వల్ల వచ్చిన జబ్బు ఇది, మందు లేదు.

ఫోన్ పెట్టగానే అమ్మ మొదలుపెట్టింది. అల్లుడుగారు తాగడు. కొట్టడు. పరాయి ఆడదాని వంక చూడడు. అత్తారింట్లో మంచినీళ్లు కూడా అడక్కుండా తాగడు. 'డు'తో ముగిసే ఆ దండకం వినగా వినగా నాకే పెళ్లి చేసుకోవాలనిపించింది. ఆ మాటే అమ్మతో అంటే, "నీకు వేళాకోళంగానే ఉంటుంది, చేసుకోలేదు గనక" అంది.  

చెల్లి పక్కగదిలో పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు. నిద్రపోయేవాళ్లు అంత కదలకుండా పడుకోరు.

జూన్ 8, శనివారం

పక్క ఊరికి వెళ్లాను, బస్సులో. అక్కడిది కొట్టు కాదు, షోరూమ్. లోపల చల్లగా ఉంది. తాళాలను అద్దాల పెట్టెల్లో దీపాల కింద పెట్టారు. టై కట్టుకున్నాయన ఒకడు నన్ను కూర్చోబెట్టి, నా ఎదురుగా కూర్చుని, వైద్యుడిలా అడగడం మొదలుపెట్టాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు మేడమ్?"

"ముగ్గురం. ఆడవాళ్లమే."

కళ్లు మెరిశాయి పాపం. దాచుకోలేకపోయాడు. "మగదిక్కు లేదన్నమాట" అని నిట్టూర్చి, ఒక పుస్తకం తెరిచి మా ఇంటి బొమ్మ గీయించాడు. ఎర్ర కలంతో చుట్టిన చోట్లన్నీ 'బలహీన స్థానా'లట. మా ఇల్లు దొంగల కోసమే కట్టినట్టు తేలింది. ముందు తలుపు పక్కన నిలువు అద్దం ఉందని చెప్పగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"అద్దం పగలగొడతాడు మేడమ్. చెయ్యి లోపలికి పెడతాడు. లోపలి నాబ్ తిప్పుతాడు. అయిపోయింది."

ఆ 'అయిపోయింది' అన్న తీరుకు నేను బ్యాగు ఒళ్లోకి లాక్కున్నాను. వేలిముద్రతో తెరుచుకునే తాళం చూపించాడు, వద్దన్నాను. అమ్మ వేళ్లు గిన్నెలు తోమీ తోమీ గీతలు పోగొట్టుకున్నాయి. అప్పుడు ఇది చూపించాడు. నల్లగా, బరువుగా, ముట్టుకుంటే చల్లగా. "రెండు వైపులా తాళంచెవే మేడమ్. బయటి నుంచీ చెవితోనే, లోపలి నుంచీ చెవితోనే. నాబ్ ఉండదు. దొంగ చెయ్యి పెట్టినా గాలిని తిప్పాల్సిందే."

తర్కంలో తప్పు దొరకలేదు. అద్దం పగులుతుంది, చెయ్యి వస్తుంది, నాబ్ లేదు, కనుక తలుపు తెరుచుకోదు. ముందు తలుపుకూ పెరటి తలుపుకూ అవే కొన్నాను. కిటికీలకు కూడా చెవితో తీసే చిన్న తాళాలు కొన్నాను.

దొంగ అన్నంతసేపూ నా కళ్లకు దొంగే కనిపించాడు సుమా. మెత్తటి గొంతుతో 'వదినగారూ' అనే దొంగ కనిపించలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, టై కట్టుకున్నవాడు మాత్రం ఏం పడతాడు?

జూన్ 9, ఆదివారం

షోరూమ్ మనిషి వచ్చి బిగించి వెళ్లాడు. మేడమీది తలుపుకు కప్ప తాళం ఒకటి వేశాం. పాత తాళాలను అమ్మ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. "అల్లుడుగారు అడిగితే పాడయ్యాయని చెబుదాం" అంది. పాడయ్యాయి అంటే ఆయన వచ్చి బాగుచేస్తాడమ్మా అన్నాను. అమ్మ ఆలోచనలో పడింది.

చెల్లి గదిలోంచి వచ్చి తలుపు లోపలివైపు చూసింది. వేలితో చెవి కన్నాన్ని తడిమింది.

"లోపల నాబ్ లేదా అక్కా?"

షోరూమ్ పుస్తకంలోంచి చింపిచ్చిన బొమ్మ తెచ్చి మరీ చెప్పాను. అద్దం, చెయ్యి, గాలి. తరగతిలో ఒక్క పిల్ల కూడా అంత శ్రద్ధగా వినదు. అంతా విని, "బాగుంది" అంది. వంటింట్లోకి వెళ్లి ఒక గ్లాసుడు నీళ్లు తాగింది. మళ్లీ ముంచుకుని తాగింది.

ఇంకోటి గమనించాను. చెల్లి చెప్పులు గుమ్మం బయట లేవు. మంచం పక్కన ఉన్నాయి, పద్ధతిగా, తలుపు వైపు తిరిగి. చెప్పులు కూడా ఎవరూ ఎత్తుకుపోలేని ఇంట్లో ఉన్నావే అంటే నవ్వింది.

జూన్ 11, మంగళవారం

అన్ని తాళాలకూ కలిపి ఒక గుత్తి చేశాను. నా బ్యాగులోనే ఉంటుంది. ఇంకో గుత్తి అమ్మ మొలకు. చెల్లికి ఇవ్వలేదు. తను కాస్త అజాగ్రత్త మనిషి.

జూన్ 12, బుధవారం

చాలా రోజుల తరువాత ఇవాళ నిశ్చింతగా పాఠం చెప్పాను.

జూన్ 14, శుక్రవారం

అమ్మకు ఇవాళ కంటి పరీక్ష. ఆస్పత్రిలో దింపి కాలేజీకి వెళ్లాను. చెల్లి ఇంట్లోనే ఉంటానంది. వెళ్లేటప్పుడు తాళం వేశాను. బయటి నుంచి వేస్తే లోపలి నుంచి కూడా పడిపోయినట్టే, అదే దాని గొప్పతనం. టక్కుమని ఎంత బాగా పడుతుందో.

సాయంత్రం అమ్మను తీసుకుని వచ్చి తలుపు తీస్తే, చెల్లి ఎదురుగా నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. వండి పెట్టిన అన్నం వండినట్టే ఉంది.

"ఎక్కడికైనా వెళ్దామనుకున్నావా?"

"లేదక్కా."

"మరి ఇక్కడ కూర్చున్నావేం?"

"ఊరికే." గోడ పట్టుకుని లేస్తూ, "వెళ్లేటప్పుడు ఎన్నింటికి వస్తావో చెప్పి వెళ్లక్కా" అంది.

నాకు కోపం వచ్చింది. నిజం రాసుకోవాలంటే నాకు కోపమే వచ్చింది. పక్క ఊరు పోయి, బస్సులో నిలబడి వచ్చి, ఎవరి కోసం తెచ్చానిదంతా? ఒక మంచిమాట లేదు. అన్నం తినకుండా అలక. అమ్మ కళ్లల్లో చుక్కలు వేసి ఉన్నారు కనుక ఏమీ కనిపించడం లేదు, వినపడటం మాత్రం బాగానే ఉంది. "చిన్నప్పటి నుంచీ దానికి ఆ పెంకితనం ఉందిలే" అంది.

అప్పుడే ఫోన్. మరిది.

"ఏం తాళం పెట్టించారు వదినగారూ? పక్క ఊరు నుంచి తెచ్చారట."

ఎలా తెలిసిందని అడగలేదు. ఈ వ్యాపారంలో తాళాలకు తప్ప నోళ్లకు తాళం లేదు. ఏ తాళమో చెప్పాను. నిజమే చెప్పాను. అబద్ధాలు ఆడి ఆడి అలిసిపోయాను.

అటువైపు ఆయన సంతోషపడ్డాడు. మనస్ఫూర్తిగా సంతోషపడ్డాడు, గొంతులో తెలుస్తుంది. "చాలా మంచి పని చేశారు. మా ఇంటికీ అదే పెట్టాను. కొట్టుకు వెళ్లేటప్పుడు బయటి నుంచి వేసుకుని వెళతా. తనకూ నిశ్చింత, నాకూ నిశ్చింత. మీరు అచ్చం నాలాగే ఆలోచించారు వదినగారూ."

జూన్ 15, శనివారం

అచ్చం నాలాగే ఆలోచించారు వదినగారూ.

జూన్ 15, మళ్లీ

తేడా ఉంది. ఆయన అనుమానంతో వేశాడు, నేను ప్రేమతో వేశాను. ఉద్దేశాలు వేరైనప్పుడు రెండు పనులూ ఒకటే అనడం హేతుదోషం. దీని మీద నేను ఒక గంట పాఠం చెప్పగలను.

తలుపుకు ఆ తేడా తెలియదు. అదే వచ్చిన చిక్కు.

జూన్ 16, ఆదివారం

మధ్యాహ్నం వంటింట్లో చెల్లి కూరగాయలు తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. "ఎందుకొచ్చేశావే?" అని అడిగాను. ఇన్నాళ్లూ గొంతులో మోసిన మాట, బయటికి వచ్చాక చూస్తే చాలా చిన్నది.

చెల్లి కత్తి ఆపలేదు.

"మీ మరిది తాళాలు చాలా మంచివక్కా. నేను పరీక్ష చేసి చూశాను."

అమ్మ గుమ్మంలో నిలబడింది. కళ్లు తేరుకున్నాయి.

చెప్పింది. చెల్లి చెప్పినదాంట్లో పెద్దగా ఏమీ లేదు. ఆయన కొట్టుకు వెళ్లాక ఇస్త్రీ పెట్టె తీగ కాలింది. పరుపంటుకుంది. నీళ్లు పోసింది, మంట ఆగింది కానీ ఇల్లంతా పొగ. కిటికీలకు దొంగలు రాకుండా ఊచలు, దోమలు రాకుండా వల, చూపులు రాకుండా నల్ల అద్దం. తలుపుకు నాబ్ లేదు. ఫోన్ ఆయన దగ్గరే ఉంటుంది. అరిచింది.

"తాళం కన్నంలోంచి గాలి పీల్చుకోవచ్చనుకున్నానక్కా. దుమ్ము పోకుండా దానికి బయట ఒక మూతుంటుంది. చాలా మంచి తాళం." వంకాయ ముక్కలు నీళ్లల్లో వేసింది. "పొగ దానంతటదే పోయింది. సాయంత్రం వచ్చారు. వస్తూనే తలుపు చూసుకున్నారు, నేను బాదినందుకు పాలిష్ పోయిందేమోనని. తరువాత నన్ను చూశారు. 'ఏం కాలేదుగా' అన్నారు. నిజమే. ఏం కాలేదు."

"మరి అప్పుడే చెప్పలేదేమే?" అమ్మ గొంతు ఎక్కడినుంచో వచ్చింది.

"చెప్పానమ్మా. మా ఇంటి తలుపు లోపలి నుంచి రాదమ్మా అన్నాను. నూనె వెయ్యమన్నావు."

 నేనే, "మరి బయటికెలా వచ్చావు?" అన్నాను.

చెల్లి చేతులు కడుక్కుని వెళ్లి ఆ గుడ్డసంచి తెచ్చింది. అమ్మ నగలనుకున్న సంచి. బల్ల మీద బోర్లించింది. స్క్రూలు. పొడుగువి, పొట్టివి, నల్ల పూత తలకాయలు.

"తాళం బిగించే స్క్రూలు లోపలివైపే ఉంటాయక్కా. బయట ఉంటే దొంగ విప్పుతాడుగా. గోళ్లు తీసుకునే దాని ములుకుతో రోజూ కొంచెం కొంచెం వదులు చేసి పెట్టుకున్నా. ఆయన రోజూ తాళాన్ని బయటి నుంచి లాగి చూసుకునేవారు. లోపల ఎప్పుడూ చూడలేదు."

తలుపు బార్లా తీసి వెళ్లిన అజాగ్రత్త మనిషి. వేయడానికి తాళమేదీ ఆ తలుపుకు?

"శుక్రవారం మరి? మన తాళం ఎందుకు విప్పలేదు?"

ఈసారి నా వంక చూసింది. "నువ్వు వేసిందిగా అక్కా. విప్పాలంటే సిగ్గేసింది. అడుగుతావేమో చూద్దామని కూర్చున్నా."

నా బ్యాగులోంచి గుత్తి తీసి చెల్లి చేతిలో పెట్టాను. పెడుతూ "జాగ్రత్త" అన్నాను. అలవాటు.

అమ్మ ఆ స్క్రూలన్నీ ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసింది. వేసి, "అయినా అల్లుడుగారికి అలా అవుతుందని తెలియదుగా" అంది. అమ్మను తప్పుపట్టడానికి ఎవరికి అర్హత ఉందో వెతుకుతున్నాను. ఈ డైరీ రాసేవాళ్లకు మాత్రం లేదు.

జూన్ 18, మంగళవారం

సెలవు పెట్టి ఇద్దరం పక్క ఊరు షోరూమ్‌కు వెళ్లాం. టై ఆయన మమ్మల్ని చూసి కెమెరాల పుస్తకం తీశాడు. చెల్లి దాన్ని మూసి పక్కన పెట్టింది.

"లోపలి నుంచి చెవి లేకుండా తెరుచుకునేది చూపించండి."

"మేడమ్, అక్కగారికి చెప్పాను, అద్దం పగలగొట్టి..."

"విన్నానండీ. అద్దం తీసేసి చెక్క వేయించుకుంటాం. లోపం అద్దంలో ఉంటే తాళాన్ని మార్చారెందుకు?"

నేను అద్దాల పెట్టెలోకి చూస్తూ నిలబడ్డాను. నేను చదివిన చదువు, వేసిన ప్రశ్నపత్రాలు అన్నీ ఆ దీపాల కింద తళతళలాడుతున్నట్టనిపించింది, కొనేవాళ్లు లేక.

"అంటే, మీకు ఎవరి భయం మేడమ్?" అన్నాడాయన.

"భయం లేదండీ. నాకు బయటికెళ్లే అలవాటుంది."

బయట చెవి, లోపల నాబ్ ఉన్న తాళం తీసుకుంది. లోపలికి ఒక లావాటి గడియ. అరచేతి వెడల్పు మాత్రం తలుపు తెరిచి ఆపే గొలుసు. మనిషిని చూడ్డానికి చిన్న కన్నం. కిటికీల తాళాలు తిరిగి ఇచ్చేసి, లోపలి నుంచి చేత్తో ఎత్తే కొక్కేలు తీసుకుంది. ప్రతిదాన్నీ కళ్లు మూసుకుని తీసి, వేసి చూసింది. గొలుసుకు పొడుగు స్క్రూలే కావాలని పట్టుబట్టి, ఉన్నవి తీయించి మార్పించింది. బస్సులో వస్తూ, "ఆయన కొట్లో అయితే ఇంకా మంచి రకం ఉంది" అంది. ఇద్దరం నవ్వాం. కండక్టర్ తిరిగి చూసేదాకా నవ్వాం.

జూన్ 20, గురువారం

బిగించారు. అద్దం పోయి చెక్క వచ్చింది. వరండా కాస్త చీకటైంది. అమ్మ గొలుసు వేసి, తీసి, వేసి చూస్తోంది. "ఇంటికొచ్చినవాళ్లని సందులోంచి చూడడం మర్యాదేనా?" అని అడిగింది. ఆలోచిద్దామన్నాను.

నాకింకా అనుమానంగానే ఉంది. చెల్లి ఉంటుందా? ఆయన వచ్చి ఆ మెత్తటి గొంతుతో నాలుగు మాటలు చెబితే? అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే? తాళాలు మార్చడం సులువు. ఎవరు తలుపు తీస్తారన్నది ఏ షోరూమ్‌లోనూ దొరకదు.

జూన్ 22, శనివారం

మరిది వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం ముందుగదిలోనే ఉన్నాం. అమ్మ పడక్కుర్చీలో, నేను పిల్లల జవాబుపత్రాలతో, చెల్లి కింద కూర్చుని చీరకు కుచ్చులు వేస్తూ. గడియ వేసి లేదు, పగలే కదా. తాళం మాత్రం పడి ఉంది.

బయట మెట్ల మీద అడుగులు. ఆ తరువాత తలుపులో చిన్న చప్పుడు. గీరినట్టు. ఇనుము మీద ఇనుము.

బెల్లు కాదు. తాళంచెవి.

కన్నంలో పెట్టి తిప్పి చూశాడు. తిరగలేదు. తీసి, ఇంకో చెవి పెట్టాడు. మా పాత గుత్తి అంతా మా కళ్లముందే, కాదు మా చెవుల ముందే, ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తున్నాడు. ఓపికగా, కంగారు లేకుండా. చెల్లి సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. అమ్మ పడక్కుర్చీలోంచి లేచి కూర్చుంది. అమ్మ మొహం నేను చూశాను. అత్తారింట్లో మంచినీళ్లు కూడా అడిగి తాగే అల్లుడుగారు.

అన్నీ అయిపోయాక అప్పుడు బెల్లు కొట్టాడు.

చెల్లి లేచింది.  చీర కొంగు గుప్పిట్లో పట్టుకుంది. నేను వెళతానన్నాను. తల అడ్డంగా ఊపింది. గొలుసు తగిలించి, నాబ్ తిప్పి, అరచేతి వెడల్పు తెరిచింది.

ఆయన చేతిలో సామాను పెట్టె, కొత్త తాళం అట్టపెట్టె. "మీ ఇంటికే మంచి రకం తెచ్చా" అన్నాడు నవ్వుతూ. గొలుసు చూసి నవ్వు కొంచెం సర్దుకున్నాడు. "ఇదెవరు బిగించారు? ఈ రకం ఆగదు. సరే, తియ్యి. లోపల కూర్చుని మాట్లాడుకుందాం."

"మాట్లాడండి. వినపడుతోంది."

"గుమ్మంలోనా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"పొగొచ్చిన రోజు నలుగురూ చూస్తే బాగుండేది."

ఆయనకు నిజంగా అర్థం కాలేదు. అదే నన్ను భయపెట్టింది. "ఏ పొగ? ఏం కాలేదుగా అప్పుడు" అని, సందులోంచి నా వైపు చూశాడు. "వదినగారూ, మీరు చదువుకున్నవారు. రెండు వైపులా ఆలోచించేవారు. మీరైనా చెప్పండి. ఆ తలుపు తీయండి."

నోరు తెరిచాను. రెండు వైపులూ నోటిదాకా వచ్చాయి, అలవాటు కొద్దీ.

"చెవులు తన దగ్గరున్నాయండీ" అన్నాను. "తనని అడగండి."

అప్పుడాయన అమ్మను పట్టుకున్నాడు. "అత్తయ్యగారూ, మీరు."

అమ్మ లేచి చెల్లి వెనక్కి వచ్చి నిలబడింది. ఇంక అయిపోయిందనుకున్నాను. అల్లుడుగారిని ఎండలో నిలబెట్టడానికి అమ్మకు మనసొప్పదు.

"ఎవరింటికైనా వస్తే ముందు బెల్లు కొట్టాలి నాయనా" అంది అమ్మ.

ఆయన గుత్తి జేబులో వేసుకున్నాడు. మొదటిసారి ఆయన మొహంలో ఒకటి కనిపించింది, కోపం కాదు, తన కొట్టులో తనకు తెలియని సామాను చూసినట్టు. చెల్లి లోపలికి వెళ్లి గుడ్డసంచి తెచ్చి, గొలుసు కింద నుంచి ఆయన చేతిలో పెట్టింది.

"ఇవి మీవి. మీ తాళం మళ్లీ బిగించుకోండి. నేను రాను."

తలుపు మూసింది. గడియ లాగింది. కొత్త గడియ కదా, గట్టిగా ఉంది, రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. అది పడిన చప్పుడు మా ముగ్గురికీ వినపడింది. మెట్లు దిగే అడుగులు వినపడడానికి చాలాసేపు పట్టింది.

అమ్మ పడక్కుర్చీలో కూలబడి, "గడియకు కాస్త నూనె వెయ్యాలి" అంది. అనేసి చెల్లి వైపు చూసింది. చెల్లికి నవ్వొచ్చింది. ఆ నవ్వే కాసేపటికి ఏడుపైంది. ఈసారి అమ్మ ఏమీ సలహా ఇవ్వలేదు.

జూన్ 23, ఆదివారం

మళ్లీ వస్తాడేమో. మెత్తగా కాకుండా వస్తాడేమో. వకీలును చూడాలి. అమ్మ మనసు రేపటికి మారుతుందేమో. ఆ రకం గొలుసు నిజంగానే ఆగదేమో. అనుమానాలన్నీ రాసి పెట్టుకున్నాను, నాకవే ఆస్తి.

సాయంత్రం చెల్లి పాలు తెస్తానని వెళ్లింది. ఎన్నింటికి వస్తావని అడగబోయి ఊరుకున్నాను. చాలా ఆలస్యంగా వచ్చింది. పాలు మరిచిపోయింది. ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పలేదు.

ఇప్పుడు తలుపు వేయడానికి వెళితే, గుమ్మం బయట మా చెప్పుల పక్కన తన చెప్పులూ ఉన్నాయి, ఒకటి బోర్లా పడి. లోపల పెడదామా అనుకున్నాను.

ఉండనీ. ఎత్తుకుపోతే ఎత్తుకుపోతారు.